మైనం మెట్లు

ఎండలో పెడితే చెడిపోయే వస్తువు కూడా ఈ లోకంలో ఒకటుంటుందని సుక్కమ్మకు ఎవరు చెప్పారు గనుక? పుట్టినప్పటి నుంచి ఆమెది ఎండలో పెట్టి బాగుచేసుకునే బతుకే. జొన్నలు ఎండబెట్టాలి, మిరపకాయలు ఎండబెట్టాలి, గొర్రెల వాసన కొట్టే గొంగళ్లు ఎండబెట్టాలి. అందుకే ఆ మంగళవారం పొద్దున సంగీతం గదిలో చాపల కింద చెదలు కనబడేసరికి, చాపలన్నీ దులిపి, వీణను కూడా పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకొచ్చి, బడి వెనక బండమీద ఎండకు పడుకోబెట్టింది. మధ్యాహ్నం తనిఖీకి పెద్దసారు వస్తున్నాడు. ఆయన కళ్లముందు వీణలోంచి చెదపురుగు బయటికొస్తే ఇంకేమన్నా ఉందా?

చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలమది. అనవసరపు కొలువులు తీసేయాలని పైనుంచి కాయితాలు వస్తున్నాయి. భువనగిరి కోటగుట్ట నీడ పడేంత దూరంలో ఉన్న ఆ ఆడపిల్లల బడిలో, అందరి కళ్లకూ అనవసరంగా కనిపించినది సంగీతం టీచరు కొలువే. పన్నెండుమంది పిల్లలు, ఒక్క వీణ, వారానికి రెండు రోజులు. ఉంచాలా తీసేయాలా అన్నది పెద్దసారు చూసి రాస్తాడు. టీచరు లక్ష్మీనర్సమ్మకది కొలువు సంగతి. సుక్కమ్మకు మాత్రం అది వేరే సంగతి, బయటికి చెప్పుకుంటే నవ్విపోయే సంగతి.

ఆమె ఆ బడిలో ఆయా. ఊడ్వాలి, నీళ్లు మోయాలి, గంట కొట్టాలి. పెద్దటీచరమ్మ ఇంట్లో అంట్లు తోమడం కొలువులో లేదు, కానీ తోమాలి. బడికి రాకముందు గొర్రెల దొడ్డి ఊడ్చి, జొన్నలు విసిరి, గటక వండి రావాలి. ఇంటికి పోయాక మగడు బీరన్న మందను తోలుకొచ్చేసరికి అతని కాళ్లకు ఉడుకునీళ్లు కాగి ఉండాలి. నీళ్లు ఒకనాడు చల్లగా ఉన్నాయని చెంబు విసిరికొట్టిన మనిషి, ఆమె నడుం నొప్పని మూడు రోజులు మూలిగితే మాత్రం, "బడిల నీడపట్టున ఉండేదానికి నీకేం నొప్పి" అన్నాడు. ఇక అత్త నర్సింగమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. పిలిచినప్పుడు ఒక్కసారి పలకకపోతే చాలు, "చెవులెందుకు పెట్టిండే దేవుడు? కమ్మలు పెట్టనీకి, మొగని మాట ఇననీకి. గవ్వి గూడ చేతగాకపాయె" అనేది. తెల్లారి లేచింది మొదలు పడుకునేదాకా సుక్కమ్మ చెవుల్లో పడేవన్నీ పనులే. అది తే, ఇది పెట్టు, ఇంకా కాలేదా. ఒక్క మంగళవారం, బేస్తవారం మధ్యాహ్నాలు తప్ప. ఆ రెండు రోజులూ చిరిగిన చాపలు ముందేసుకుని సంగీతం గది తలుపు వెనక కూర్చునేది. చేతులు చాప అల్లుతుంటే చెవులు లోపలికి పోయేవి. ఆ కాసేపూ ఎవరూ ఆమెను ఏమీ తెమ్మనేవారు కాదు. ఆమె హాయిగా ఉండేది. అంత హాయి పుట్టింట్లో గొర్రెల వెంట తిరిగిననాడు తప్ప మళ్లీ ఎరగదు. ఇంకో చిన్న దొంగతనం కూడా ఉంది, నాలుగేళ్లుగా సాగుతున్నది. ఆ రెండు రోజులూ ఆ పీరియడు గంట కాస్త ఆలస్యంగా మోగేది. గంట కొట్టాల్సిన మనిషి తలుపు వెనక ఉంటే మరి ఎట్లా మోగుతుంది?

మధ్యాహ్నం భోజనాల వేళ వీణను లోపలికి తెద్దామని పోయి ఎత్తగానే సుక్కమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. వీణ మెడమీద ఇరవైనాలుగు ఇత్తడి మెట్లు ఉంటాయి కదా, వాటిని నల్లటి మైనంలో నిలబెడతారట. ఎండకు ఆ మైనం మెత్తబడి మెట్లు కల్లు తాగిన మనుషుల్లా తలో దిక్కుకు ఒరిగి ఉన్నాయి. మూడు చేతికే వచ్చేశాయి.

పెద్దటీచరమ్మ చూసి, "నీ కొలువు ఇగ నా చేతుల లేదు సుక్కమ్మా" అనేసి గదిలోకి పోయింది. లక్ష్మీనర్సమ్మ మాత్రం తిట్టలేదు. వీణ ముందు కూలబడి ఊడిన మెట్లను ఒడిలో వేసుకుంది.

"చెదలు పడుతదేమో అనుకున్న టీచరమ్మా. ఎండకు పెడితే పాణం లేస్తదనుకున్న" అంది సుక్కమ్మ.

"నీ తప్పేముంది. మైనమని నీకెవరు చెప్పిన్రు? నేను చెప్పలే" అంది లక్ష్మీనర్సమ్మ. తర్వాత కొంగు నడుముకు బిగించింది. "పొయ్యిల నిప్పులున్నయా? ఒక గరిటె కాల్చి తే. పిల్లలను పిలువు."

పన్నెండుమంది పిల్లలూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. లక్ష్మీనర్సమ్మ కాలిన గరిటెతో మైనాన్ని మెత్తజేసి, ఒక్కో మెట్టునూ నిలబెట్టి, తీగ మీటుతుంది. పిల్లలు ఆ స్వరం గొంతుతో పాడతారు. తీగా గొంతూ ఒకటైతే మెట్టు అక్కడే ఉంటుంది, కాకపోతే జరుగుతుంది. అంతే పని, కానీ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పని. సుక్కమ్మ గరిటెలు మార్చి అందిస్తూ తలుపు దగ్గర నిలబడింది. సగం అయ్యేసరికి, పెద్దసారు వచ్చే వేళవుతోందని టీచరు తొందరపడసాగింది. ఒక మెట్టు దగ్గర పిల్లలు సరే అన్నారు, టీచరూ సరే అంది.

"గా మెట్టు గొంతు తక్కువున్నది టీచరమ్మా" అంది సుక్కమ్మ. అన్నాక తనే ఉలిక్కిపడింది. "జర కుడి దిక్కు జరుపుండ్రి."

లక్ష్మీనర్సమ్మ ఆమెవంక ఒకసారి చూసి, మెట్టును వెంట్రుకవాసి కుడికి జరిపి మీటింది. పిల్లలందరూ ఒక్కసారే తలలూపారు. ఆ తర్వాత ప్రతి మెట్టుకూ టీచరు పిల్లలవైపు ఒకసారి, తలుపువైపు ఒకసారి చూసింది. ఆఖరి మెట్టు నిలబడ్డాక గాని ఎవరూ గమనించలేదు, పెద్దసారు వచ్చి సుక్కమ్మ వెనకే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఏమో.

"మెట్లెందుకు ఊడినయి?" అన్నాడు.

"ఎండకు సార్" అంది లక్ష్మీనర్సమ్మ, ఎవరు పెట్టారో చెప్పకుండా.

"నేనే పెట్టిన సార్" అంది సుక్కమ్మ. దాచి బతికితే ఆ తలుపు వెనక మళ్లీ ఎట్లా కూర్చుంటుంది?

"నీకు స్వరం ఎట్ల తెలిసింది?"

"మా నాయిన గొర్ల మెడల గంటలుండె సార్. ఒక్కో గంటది ఒక్కో గొంతు. ఏది తోవ తప్పిందో సూడకుండనే చెప్తుంటి. ఇంక మిగిలింది ఈ తలుపెనుక నేర్సిన."

ఆయన మీసాల్లో నవ్వాడో లేదో తెలియలేదు. లక్ష్మీనర్సమ్మవైపు తిరిగి, "కావాలన్నోళ్లు ఇంటికాడ పంతులును పెట్టుకుంటరు గదమ్మా. బడిల ఎందుకిది?" అన్నాడు. ఆ ప్రశ్న కోసమే నాలుగు రోజుల నుంచి ఆమె రాసుకుని బట్టీపట్టిన మాటలు మైనంతోపాటే కరిగిపోయినట్టున్నాయి.

సుక్కమ్మకు ఊరుకోవడం చేతకాలేదు. అప్పటికే పోయిన కొలువు, ఇంకేం పోతుంది?

"ఇంట్ల ఏం చెయ్యాల్నో ఇంటోళ్లే చెప్తరు సార్. రొట్టె చెయ్యుమంటరు, పెంట తియ్యుమంటరు. ఆడిపిల్లను కూసోని వీణ వాయించుమని ఏ ఇంట్ల చెప్తరు? వకీలు ఇంట్ల చెప్తరేమో. మా ఇండ్లల్ల గాదు. బడి గాబట్టి జరుగుతాంది."

ఆయన పిల్లలను వాయించమన్నాడు. ఒక్కొక్కరే వాయించారు, కొందరు బాగా, కొందరు అంతంతమాత్రంగా. ఆయన చివరిదాకా కూర్చుని విన్నాడు. పోతూ పోతూ పుస్తకంలో రాసింది పెద్దటీచరమ్మ చదివి వినిపించింది: సంగీతం వచ్చే ఏడు కూడా కొనసాగించవచ్చును. ఆయా గురించి ఒక్క ముక్క లేదు. పెద్దటీచరమ్మ కొలువు మాట మళ్లీ ఎత్తలేదు. సుక్కమ్మ గుండె కుదుటపడింది. ఏడాది తర్వాత ఇంకో పెద్దసారు వస్తాడు, అప్పటి మాట అప్పుడు.

చాపలు చుడుతుంటే లక్ష్మీనర్సమ్మ దగ్గరికొచ్చింది.

"మంగళారం గంట ఎందుకు ఆలస్యమైతదో నాకు మొదటి ఏడే తెలుసు సుక్కమ్మా" అంది. సుక్కమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "ఇగ తలుపెనుక వద్దు. బడి ఇడిసినంక అర్ధగంట కూసో. చెవులకొచ్చింది, వేళ్లకు రావాలె గదా."

సుక్కమ్మ తన వేళ్లవంక చూసుకుంది. పేడ తీసిన వేళ్లు, అంట్లు తోమిన వేళ్లు. ఎవరినన్నా అడిగి చెప్తానందామనుకుంది. ఎవరిని అడగాలో ఆలోచించింది. "కూసుంట" అంది.

ఆ పొద్దు ఇల్లు చేరేసరికి బీరన్న అరుగుమీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. అత్త గడపలో వత్తులు చేసుకుంటోంది. సుక్కమ్మ ఎప్పటిలాగే నీళ్లు కాచి తెచ్చి అతని ముందు పెట్టింది. పెట్టి, అక్కడే నిలబడింది.

"ఇగ మంగళారం, బేస్తారం నేను ఆలస్యంగొస్త. వీణ నేర్సుకుంటున్న."

అత్త వత్తి ఆపేసింది. బీరన్న చెంబులో పెట్టిన చెయ్యి బయటికి తీశాడు. "మరి నా ఉడుకునీళ్లు?" అన్నాడు.

"పొయ్యి యాడికి పోదు" అంది సుక్కమ్మ. "గీడనే ఉంటది."