నాలుగో వాయిద్యం

చెల్లీ, ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో చెప్పడంలో ఒకటి రెండు చోట్ల తారుమారు కావచ్చు. ఆ ఆదివారాలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండేవి మరి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక దర్జీ అక్క కుట్టుమిషను మీద గుడ్డ కప్పేది. వాళ్ళ నాన్న మంచం పక్కన మంచినీళ్ళు పెట్టి, సంచీలో ఒక తువ్వాలు, ఒక శాలువా, ఒక మడత గొడుగు సర్దుకుని బయల్దేరేది. బయట ఎండ మాడ్చేస్తున్నా సరే, ఆ మూడూ ఉండాల్సిందే. నాలుగు వీధులు దాటితే కళ్ళద్దాలాయన దుకాణం. ఆదివారం ముందు తలుపు మూసి ఉంటుంది, పక్క సందులోంచి వెనక గదిలోకి వెళ్ళాలి. అప్పటికే నర్సమ్మ వచ్చి కిటికీ పక్క కుర్చీ పట్టేసి ఉండేది. రిటైరైన కండక్టరు నిలబడే ఉండేవాడు. జన్మంతా బస్సులో నిలబడ్డవాడికి కూర్చుంటే నిద్రొస్తుందట.

వీళ్ళకి ఉన్నది ఒకటే పిచ్చి. వాళ్ళ చిన్నప్పుడు కొందరు కుర్రాళ్ళూ అమ్మాయిలూ దంపుళ్ళ పాటలూ జోలపాటలూ పడవ పాటలూ పట్టుకొచ్చి, వాటికి కరెంటు గిటార్లూ డ్రమ్ములూ కట్టి పాడారు. చిల్లుల గొడుగు, తడి గోనెలు, మేనత్త కొడుకులు, ఇలాంటి పేర్లు పెట్టుకున్నారు. చాలామంది ఒక్క రికార్డు వేసి, అది అమ్ముడుపోక, ఉద్యోగాల్లోనూ సంసారాల్లోనూ కలిసిపోయారు. లోకం వాళ్ళని మరిచిపోయింది. ఈ గదిలోవాళ్ళు మరిచిపోలేదు. ఎవరికి ఏ మూల ఎవరి పాట దొరికినా మిగతావాళ్ళకి చెప్పాలి, అదీ కట్టుబాటు.

చెప్పడానికి కూడా ఒక పద్ధతుంది. బాగుందనీ గొప్పగా ఉందనీ పొగడకూడదు. ఏం తెచ్చుకోవాలో చెప్పాలి, అంతే. ‘తడి గోనెలు రెండో వైపు, గొడుగు’ అంటే చాలు. ఎందుకంటే అలా మరుగున పడ్డ పాట పెడితే, అది రికార్డు చేసిన రోజు ఎలాంటి వాతావరణం ఉందో అది గదిలోకి వచ్చేస్తుంది. వాన పాటయితే పుస్తకాలు ముందే బీరువాలో పెట్టేసేవాళ్ళు. మేనత్త కొడుకుల ఎండకి కండక్టరు మెడ కమిలిపోతే నర్సమ్మ మందు రాసింది. ఎండ రికార్డు పెడుతున్నారని తెలిస్తే పై వాటా ఆవిడ తడి బట్టలు పంపించేది, కాస్త ఆరేసి పెట్టమని.

పేరుమోసిన పాటల్లో ఈ గుణం ఉండదు. వేల చెవులు విన్న పాటలో వాతావరణం ఇంకిపోతుంది. మరుగున పడ్డదయినా విన్న కొద్దీ పలచబడుతుంది. అందుకే వాళ్ళు ఏ రికార్డునీ వృథాగా పెట్టేవాళ్ళు కాదు.

దర్జీ అక్క ఆ గదికి ఏళ్ళ తరబడి వస్తోంది గాని, వాళ్ళ నాన్న మాట అక్కడ ఎత్తలేదు. ఎత్తే మాట కాదది.

ఆయన లాంచీ నడిపే సరంగు. ఒక ఉదయం లాంచీ నది మధ్యలో పాత వంతెన స్తంభానికి కొట్టుకుంది. ముగ్గురు పోయారు. అందులో ఒకడు కళ్ళద్దాలాయన అన్న. పొగమంచు కమ్మేసిందని సరంగు చెప్పాడు. ఒడ్డున ఉన్నవాళ్ళు మాత్రం ఆ పొద్దున ఎండ ఫెళ్ళున కాసిందన్నారు. బతికి బయటపడ్డ ప్రయాణికులు లోపలి గదిలో కూర్చున్నవాళ్ళు, వాళ్ళేమీ చూడలేదు, ఇంజను మోతలో ఏమీ వినలేదు. సరంగు నిద్రపోయాడని విచారణలో తేల్చి, ఇంటికి పంపేశారు. ఇంటికి వచ్చినవాడు మళ్ళీ గడప దాటలేదు.

మొదట్లో ఆయన గట్టిగానే చెప్పేవాడు. తర్వాత కూతుర్ని అడిగేవాడు, ‘నీకు గుర్తుందా మంచు?’ అని. ఆ పొద్దున ఆమె బడి ఆవరణలో ఎండలో ఆడుకుంటోంది. ‘గుర్తుంది నాన్నా’ అనేది. ఆమె అబద్ధమాడుతోందని ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని ఆమెకీ తెలుసు. చివరికి అడగడం కూడా మానేశాడు. ఒకరోజు అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి, గోడకేసి చూస్తూ అన్నాడు.

“నిజంగానే కునుకు పట్టిందేమోనే. అందరూ అబద్ధం ఎందుకు చెప్తారు?”

దర్జీ అక్కకి ఆ మాట లోపల ముల్లులా దిగింది. లోకం నమ్మకపోతే పోయింది. ఈ మనిషి తనని తానే నమ్మకుండా పోతాడేమో అని ఆమె భయం.

అలాంటి రోజుల్లో ఫోను పిన్ని దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆవిడ ఎక్కడో దూరాన ఉంటుంది, ఎవరూ ఆవిడ మొహం చూడలేదు. పాత సామాన్ల దుకాణాలు గాలించి రికార్డులు పట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. ఫోను ఎత్తితే పలకరింపులుండవు. ఈసారీ అంతే. ‘ఎండుగడ్డి అని ఒక జట్టు, ఒక అక్క, ఇద్దరు తమ్ముళ్ళు. మీ నది మధ్య దీవిలో పాత ధాన్యం గిడ్డంగి ఉందట కదా, అందులో కూర్చుని పాడారు. అక్కది వయొలిన్, తమ్ముళ్ళవి గిటారు, డోలు. చివరి పాటలో నాలుగో వాయిద్యం ఒకటి ఉంది. నాకు అంతు చిక్కలేదు. ఒక్కసారే విన్నాను. శాలువాలు తెచ్చుకోండి’ అని చెప్పి పెట్టేసింది. వారం తిరక్కుండా పార్సెలు వచ్చింది.

ఆ ఆదివారం గదిలో ఉత్సాహం అంతా ఇంతా కాదు. పేరు తెలియని వాయిద్యం అంటే వీళ్ళకి పండగే. శంఖమై ఉంటుందని నర్సమ్మ, గాడిద అయినా ఆశ్చర్యపోనక్కర్లేదని కండక్టరు. కళ్ళద్దాలాయన రికార్డు తుడిచి, చివరి పాట మీద ముల్లుని ఎప్పటిలాగే మెత్తగా దించాడు.

ముందుగా చలి వచ్చింది. తర్వాత రికార్డు పెట్టె చుట్టూ పాలపొంగులా తెల్లటిదేదో లేచి, బల్ల అంచుల మీదుగా కిందకి జారి, నేల మీద పరుచుకుంది. మోకాళ్ళ దాకా వచ్చింది. గిటారు తీగలు తడిసినట్టు బరువుగా మోగుతున్నాయి. పాటలోని అక్క గొంతు ఎత్తుకుంది. ఒక చరణం పాడి, ఆగింది. ఆగిన చోట ఎక్కణ్ణుంచో, చాలా దూరం నుంచి, ఆ నాలుగో వాయిద్యం పలికింది. గొంతు పట్టేసిన ఎద్దు రంకె వేసి, చివర్లో సన్నగా ఈల వేసినట్టు. అక్క ఆ శ్రుతినే అందుకుని తర్వాతి చరణంలోకి వెళ్ళింది.

దర్జీ అక్క లేచి వెళ్ళి ముల్లు ఎత్తేసింది.

పాట నడుమ ముల్లు ఎత్తడమంటే ఆ గదిలో, తింటున్నవాడి ముందునుంచి కంచం లాక్కోవడం లాంటిది. కండక్టరుకి ఒళ్ళు మండింది. ‘నడిరోడ్డు మీద బస్సాపి దిగమంటే ఎలాగమ్మా?’ అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. ఆ ఈల ఆమెకి తెలుసు. నాన్న లాంచీ కూత గొట్టానికి చిన్న పగులు ఉండేది. చిన్నప్పుడు సాయంత్రాలు ఆ ఈల వినపడగానే వాళ్ళ అమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టేది.

“దీన్ని ఇప్పుడే వినేస్తే మంచు పలచబడిపోతుంది,” అంది ఆమె. “ముందు మా నాన్న వినాలి.”

ఆమె నాన్న ఎవరో గదిలో అందరికీ తెలుసు. నర్సమ్మ శాలువా అంచు చూసుకుంటూ కూర్చుంది. కళ్ళద్దాలాయన తన కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు. నేల మీది మంచు మెల్లగా గుమ్మం కిందుగా సందులోకి పోతోంది.

“పై ఆదివారం తీసుకురామ్మా,” అన్నాడు చివరికి.

తీసుకురావడం అంత తేలిగ్గా అవలేదు. ఒక వాయిద్యం ఏమిటో ఎవరికీ తెలియడం లేదు, నువ్వు వచ్చి చెప్పాలి అని దర్జీ అక్క బతిమాలింది. ‘నాకు సంగీతమేం తెలుసే, ఇంజను మోత తప్ప’ అన్నాడు ఆయన. ఆ మోత తెలిస్తే చాలంది. ఎవరింట్లో అని అడిగాడు. ఆమె దాచలేదు, చెప్పేసింది. ఆయన రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు, తెల్ల చొక్కా ఉందిగా, ఇస్త్రీ చెయ్యి అన్నాడు.

ఆదివారం నాలుగు వీధులూ నడవడానికి వాళ్ళకి చాలాసేపు పట్టింది. ఆయన గోడలు పట్టుకుని నడిచాడు. కాళ్ళు బాగానే ఉన్నాయి, మనుషుల చూపులకే అలవాటు తప్పింది. వెనక గదిలోకి రాగానే కళ్ళద్దాలాయన లేచి తన కుర్చీ చూపించాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. కండక్టరు ఏదో హాస్యమాడబోయి, గొంతులోనే మింగేశాడు.

ముల్లు దిగింది.

చలి వచ్చింది, తెల్లదనం లేచింది. ఈసారి పాట సాగే కొద్దీ మోకాళ్ళు దాటి, నడుం దాటి, గోడ మీది గడియారాన్నీ, బీరువానీ, కిటికీలోంచి పడే ఎండనీ మింగేసింది. నర్సమ్మ తన చెయ్యి తనకే కనపడక ఒళ్ళో వెతుక్కుంది. నదీ వాసన, తడిసిన తాళ్ళ వాసన, డీజిలు వాసన. ఎప్పుడో మరుగున పడిన ఒక పొద్దున మొత్తం వచ్చి ఆ చిన్న గదిలో నిలబడింది.

పాటలోని అక్క చరణం ముగించి ఆగింది. కూత వినపడింది.

కుర్చీ కిర్రుమంది. సరంగు నిటారుగా అయ్యాడని దర్జీ అక్కకి చప్పుడును బట్టే తెలిసింది. ఆయన వేలి కణుపుతో కుర్చీ చేతి మీద కొడుతున్నాడు, నెమ్మదిగా, లెక్కగా. గిటారు వెంట కాదు, డోలు వెంట కాదు. ఆ దరువు ఆయన సొంతం.

“ఇప్పుడు,” అన్నాడు.

కూత వినపడింది.

మళ్ళీ కణుపు చప్పుడు. అక్క మరో చరణం పాడింది. “ఇప్పుడు,” అన్నాడు. కూత. ఈసారి దగ్గరగా. నిద్రపోయినవాడు అలా కూత పెట్టడు. కళ్ళు పొడుచుకున్నా కానరాని తెలుపులో ఒక మనిషి, తాడు మీద చెయ్యి వేసి, ‘నేనున్నాను, తప్పుకోండి, నేనున్నాను’ అని నదికంతా చెప్తూ వస్తున్నాడు. గిడ్డంగిలో ముగ్గురు తోబుట్టువులు అదేదో మామూలు లాంచీ కూత అనుకుని, దాన్ని పాటలో కలుపుకుంటున్నారు.

మళ్ళీ చరణం. మళ్ళీ ఆ కణుపు.

“ఇప్పుడు,” అన్నాడు సరంగు.

ఏమీ రాలేదు.

అక్క ఆగే ఉంది. గిటారు ఆగింది. డోలు మీద చెయ్యి ఆగింది. ఆ ముగ్గురూ రాని కూత కోసం చోటు వదిలి ఎదురు చూశారు. వాళ్ళకేమీ తెలియదు. లాంచీ రేవు చేరిపోయిందనుకుని ఉంటారు. కాసేపటికి అక్క తన శ్రుతి తానే వెతుక్కుని, మిగతా పాట ఒంటరిగా పాడింది. పాట ముగిసి రికార్డు ఊరికే తిరుగుతోంది. ఆపడానికి ఎవరికీ బల్ల ఎటుందో తెలియలేదు.

“అన్నయ్యా,” అని మాత్రం అన్నాడు కళ్ళద్దాలాయన, తెల్లటి శూన్యంలోకి. తర్వాత, “ఏమీ కనపడట్లేదు. కళ్ళ ముందు చెయ్యి పెట్టుకున్నా కనపడట్లేదు,” అన్నాడు.

అప్పుడు సరంగు లేచాడు.

“ఎవరూ కదలకండి,” అన్నాడు. దర్జీ అక్క తన చిన్నప్పటి తర్వాత ఆ గొంతు వినలేదు. “పిలిచినప్పుడు పలకండి. కిటికీ పక్కన ఎవరు?”

నర్సమ్మ పలికింది. ఆయన అడుగు అడుగూ తడుముకుంటూ వెళ్ళి, ఆమె చెయ్యి పట్టుకుని, తలుపు దాకా తీసుకెళ్ళి సందులో వదిలాడు. వెనక్కి వచ్చాడు. తర్వాత కండక్టరు, ‘ముందుకు జరగండి ముందుకు జరగండి’ అని తనకి తానే గొణుక్కుంటూ బయటపడ్డాడు. తర్వాత కూతురు. ఆమె బయట ఎండలోకి వచ్చి వెనక్కి తిరిగితే, గుమ్మం నిండా తెలుపు. అందులోంచి మాటలు మాత్రం వినిపించాయి.

“బాబూ, మీరెక్కడ?”

“ఇక్కడే ఉన్నానండి. మీకెలా కనిపిస్తోంది?”

“కనిపించదు. అప్పుడూ కనిపించలేదు. ఇలా పిలుచుకుంటూ పోవడమే.”

ఇద్దరూ చేతులు పట్టుకుని బయటికి వచ్చారు. జుట్టు మీదా కనుబొమల మీదా నీటి చుక్కలు. సందు చివర ఎండ. అక్కణ్ణుంచి ఎడమకి తిరిగితే ఇల్లు, కుడికి తిరిగితే రేవు. సరంగు కుడికి తిరిగాడు. కళ్ళద్దాలాయన దుకాణం తలుపు కూడా వేసుకోకుండా, పట్టుకున్న చెయ్యి వదలకుండా, ఆయన పక్కనే నడిచాడు.

చెల్లీ, ఎండుగడ్డో పచ్చగడ్డో, తడి గోనెలో మరొకటో, ఆ పేర్లు ఒకసారి నువ్వు చూసిపెట్టు. నాకు ఈ మధ్య పేర్లు నిలవడం లేదు. ఆ ఇద్దరూ రేవు వైపు నడిచిపోవడం మాత్రం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.