చక్రం వెనక చెక్క

నేను ఒక చెక్క దిమ్మను. ఎత్తు మీద బండి ఆపినప్పుడు వెనక్కి జారకుండా చక్రం వెనక పెడతారే, అదే నేను. ఒక పక్క ఏటవాలు, ఎత్తడానికి పైన ఒక తాడు. బండిని నడిపేవాళ్ళను అందరూ మెచ్చుకుంటారు. ఆపి ఉంచేదాన్ని ఎవరూ పట్టించుకోరు.

తుని దగ్గర ఒక కోతమిల్లులో నల్లతుమ్మ మొద్దులోంచి పుట్టాను. నున్నటి ముక్కలన్నీ మంచం కోళ్ళకు పోయాయి. ముడి ఉన్న ముక్కను కాబట్టి నేను మిగిలాను. దీనికి రంపం దిగదని వడ్రంగి విసుక్కుంటుంటే, లారీ డ్రైవరు సింహాద్రి "అలాంటిదే కావాలి నాకు" అని చెక్కించుకుని పట్టుకుపోయాడు. నాతో పుట్టినవి ఏ ఇళ్ళకు చేరాయో తెలియదు. ఇప్పటికీ మంచం కనబడితే ముందు కోళ్ళ వంకే చూస్తాను.

సింహాద్రితో చాలా దేశం తిరిగాను. బండి దగ్గర మనిషి ఉండి తీరాలని లారీ యజమాని మొదట్లోనే చెప్పాడు. ఆ మాట ఈయన ఒంట్లో ఇంకిపోయింది. అన్నం తింటున్నా కన్ను లోడు మీదే. సొంత ఊరు వచ్చినా లారీ వీధి చివర, ఆయన లారీలో. భార్య నూకరత్నం కేరేజీ తెచ్చి కిటికీలోంచి అందించేది. మనుషులు చిత్రమైనవాళ్ళు. పెళ్ళి ఒకరితో, కాపరం ఇంకొకదానితో.

డ్రైవరు పని మానుకున్నాక నన్ను ఇంటికి తెచ్చాడు. కొన్నేళ్ళు వంటింటి తలుపుకు అడ్డంగా ఉన్నాను. అప్పుడే నూకరత్నం నోట అడవి మాట వినిపించడం మొదలైంది. టీవీలో జంతువులను చూసి చూసి ఆమెకు వాటిని వాటి ఇళ్ళలోనే చూడాలని బుద్ధి పుట్టింది. బడివాళ్ళు అమ్మేసిన పాత వ్యాను కొనిపించింది. సీట్లు పీకించి పరుపు, పొయ్యి, నీళ్ళ డ్రమ్ము పెట్టించింది.

"ఇల్లుండగా డబ్బాలో కాపరమేటి రత్నం?" అంది పక్కింటావిడ.

"నా డబ్బాకి చక్రాలున్నాయి వదినా. నీ ఇంటికున్నాయేటి?"

అలా బయలుదేరాం. నన్ను చక్రం వెనక పెట్టడం, తీయడం ఇప్పుడు నూకరత్నం పని. సింహాద్రి ఆమెను "కిలీనరూ" అని పిలిచేవాడు. ఆమె మెడలో బైనాక్యులర్ వేసుకుని కొండలెక్కేది. వాగులో నీటికుక్కలను చూసింది, వెదురు తోపులో దుప్పులను చూసింది. దిగివచ్చి చెబుతుంటే సింహాద్రి టైరు మీద చెయ్యేసి ఊఁ కొట్టేవాడు. ఒక్కసారీ ఆమె వెంట నడవలేదు. చివరికి ఆమె చెప్పడమే తగ్గించింది. అది నన్ను భయపెట్టింది. విడిపోవడం అలాగే మొదలవుతుందని నాకు తెలుసు, చప్పుడు లేకుండా.

మారేడుమిల్లి దాటాక ఘాట్ రోడ్డు పక్కన, ఏటవాలుగా ఉన్న మట్టి జాగాలో బండి ఆపాం. ఎదుటి టీ బడ్డీ ఆవిడ, పైన పెద్ద చెట్ల మీద బెట్టుడుతలు తిరుగుతున్నాయని చెప్పింది. పిల్లి కన్నా పెద్దగా ఉండి, చెట్టు మీంచి చెట్టు మీదికి ఎగిరినట్టు దూకే ఉడుత అది.

నూకరత్నం నన్ను చక్రం వెనక పెట్టి నిలబడింది. "మావా, దిగు. ఇయ్యాల నువ్వూ వత్తన్నావు."

"బండో?"

"ముప్పయ్యేళ్ళు లోడు కాశావు. ఇందులో లోడేటి? రెండు గిన్నెలు, ఒక పరుపు."

"ఏండ్‌బ్రేకు సరిగ్గా పట్టడం లేదే..."

"అయితే ఇను. నువ్వు రాపోతే రేపు బస్సెక్కి ఇంటికెళ్ళిపోతాను. బండితో నువ్వే కాపరం చేసుకో."

గొంతు పెంచలేదు. అందుకే ఆయన దిగాడు. నన్ను కాలితో తన్ని చూశాడు. నాలుగు అడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్ళీ తన్నాడు. మూడోసారి తిరిగేసరికి నూకరత్నం ఆయన మెడలోని తువ్వాలు కొస అందుకుని ఆయన్ని లాక్కుపోయింది.

వాళ్ళు చెట్లలో కలిశాక వాన పట్టుకుంది. నా కింద మట్టి మెత్తబడింది. బండి మూలిగింది. నాకు ఒకటే బెంగ. ఇది ఒక మూరెడు జారినా చాలు, ఆ మనిషి మళ్ళీ జన్మలో దీన్ని వదిలి నడవడు. ఆమె బస్సెక్కుతుంది. జారనివ్వను అనుకున్నాను. చక్రం నన్ను బురదలోకి తొక్కింది. కింద ఏదో చెట్టు వేరు తగిలింది. దానికి వెన్ను ఆనించాను. బండి బరువంతా మీద పడింది. నా ముడి దగ్గర టప్పుమని పగిలింది. సగందాకా చీలాను. అయినా ఊడలేదు. వాన వెలిసేదాకా అలాగే ఉన్నాను.

మనుషులకన్నా ముందు మాటలు దిగివచ్చాయి.

"నన్నే సూసిందే అది! తోక ఇలా యేలాడేసి!"

"నిన్ను కాదు, నీ తువ్వాలుని. ఇంకో ఉడుతనుకుంది."

"తోక నలుపే."

"ఎరుపు. బైనాక్యులర్ తిరగేసి పట్టుకున్నోడివి, నీకేం తెలుసు?"

ఇద్దరూ నిలువునా తడిసి ఉన్నారు. సింహాద్రి బండి వంక చూడలేదు. టైరు వంక చూడలేదు. కబుర్లాడుతూనే ఎక్కాడు. నూకరత్నం నవ్వుతూ పక్కన కూర్చుంది. బండి ముందుకు కదిలింది. నన్ను తీయడం కిలీనరు మరిచింది, అడగడం డ్రైవరు మరిచాడు.

మలుపు దాకా ఇద్దరూ తోక రంగు గురించి దెబ్బలాడుకుంటూనే వెళ్ళారు.

నేనిక్కడే, బురదలో, వేరును ఆనుకుని ఉన్నాను. ఏడుపు రాలేదని అనను. కానీ వాళ్ళు నా కోసం వెనక్కి రాకూడదని గట్టిగా కోరుకున్నాను. వాళ్ళు రాలేదు.