కొరడా పట్టిన చెయ్యి

వాల్కెన్‌బర్గ్ గుర్రాల సంతలో, సరిగ్గా నా దుకాణం ఎదుటే గొడవ మొదలైంది. మా అన్న రాగిరేకుల మీద చెక్కిన బొమ్మల్ని కాగితాల మీద అచ్చుతీసి అమ్మడం నా పని. పొద్దుటినుంచీ బోణీ లేదు, అందుకని నేనూ వెళ్ళి మెడ చాచాను.

లైస్బెట్ అనే పిల్ల ఒక నల్ల గుర్రం కళ్ళెం పట్టుకుని వదలడం లేదు. వాళ్ళ నాన్న చనిపోయిన వారంలోనే దొడ్లోంచి గుర్రాన్ని ఎవరో తోలుకుపోయారట. ఉన్నది ఆ ఒక్కటే. అది లేకపోతే ఈ ఏడు దుక్కి లేదు, దున్నకపోతే కౌలు పొలం దక్కదు. చిక్కేమిటంటే, ఆమె లైడెన్‌లో పనికి కుదిరాక ఆయన దాన్ని కొన్నాడు. ఆమె దాన్ని చూసింది బొమ్మలోనే. ఆమె చేతిలో ఉన్న ఆ బొమ్మ మా అన్న చెక్కిందే. నాగలి పక్కన కొరడాతో నిలబడ్డ నాన్న, ముందు నల్ల గుర్రం, దాని వెనక కాళ్ళలో ఒకటి తెల్లనిది.

"బొమ్మలో తెలుపు కుడికాలికుంది. నా గుర్రానికి ఎడంకాలికి. కళ్ళు పెట్టుకుని చూడండయ్యా," అన్నాడు దాన్ని అమ్మకానికి తెచ్చిన వౌటర్.

సంత పెద్ద తల గోక్కున్నాడు. నా నోరు ఊరుకోదు కదా.

"రేకు మీద చెక్కింది కాగితం మీద తిరగబడుద్ది పెద్దాయనా. కుడి కాస్తా ఎడమవుద్ది."

"అన్నిసార్లూనా?"

"అద్దంలో చూసి చెక్కితే తిరగబడదు. మా అన్న ఓపికుంటే అద్దం పెడతాడు, లేకపోతే లేదు."

"మరి దీనికి పెట్టాడా?"

"అడుగుదామంటే ఓడెక్కి పోయాడు మహానుభావుడు."

అది తేలేదాకా నాకు మనసు నిలిచేలా లేదు. కాగితాన్ని ఎండకు పెట్టి మూలమూలా వెతికాను. కొరడా రైతు ఎడంచేతిలో ఉంది.

"ఇదిగో దొరికింది. కొరడా ఎవడైనా ఎడంచేత్తో పడతాడా? బొమ్మ తిరగబడింది. అంటే అసలు గుర్రానికి తెలుపు ఎడంకాలికే. ఇది ఈ పిల్లదే."

జనం ఔనౌనన్నారు. సంత పెద్ద గుర్రాన్ని లైస్బెట్‌కి అప్పగించాడు. నా తెలివికి నేనే మురిసిపోతున్నాను.

లైస్బెట్ బొమ్మలో కొరడా పట్టిన చేతికేసి చూసింది.

"మా నాన్నది ఎడంచేతి వాటం," అంది.

అంటే బొమ్మ తిరగబడలేదు. తెలుపు కుడికాలికే, ఈ గుర్రం ఆమెది కాదు. ఆ సంతలో ఆమె నాన్నను ఎరిగినవాడు ఒక్కడూ లేడు.

"నోర్మూసుకోవే పిచ్చిదానా," అని చెవిలో గొణిగాను.

"ఆలోచించుకునే అంటున్నావా అమ్మాయ్? గుర్రం పోద్ది," అన్నాడు సంత పెద్ద.

"పోనీండి. చిన్నప్పుడు బళ్ళో ఆ చేతి మీద బెత్తాలు విరగ్గొట్టారంట. పెద్దయ్యాక ఊరంతా ఎకసెక్కాలాడారు. అయినా ఆయన చెయ్యి మార్చలేదు. ఇప్పుడు గుర్రం కోసం నేను మార్చనా?"

కళ్ళెం వౌటర్‌కి ఇచ్చేసింది. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమె బొమ్మను మడతపడకుండా గుండెకు ఆనించుకుని, గుర్రం లేని పొలానికి కాలినడకన బయల్దేరింది.