పైకి చదివిన పుస్తకం పేరు

మంచిర్యాల గ్రంథాలయంలో వాలంటీరుగా చేరి నెల తిరగకుండానే కమలవ్వ సంతోష్‌రావు పరువు తీసింది. కావాలని కాదు. అరవై దాటాక పంతులమ్మ వెనకాల గొంతెత్తి చదివీ చదివీ అక్షరాలు నేర్చిన మనిషి. నోరు కదలనిదే ఆమెకు ఒక్క మాటా అందదు. ఎవరికి ఏ పుస్తకం ఇచ్చారో రిజిస్టర్‌లో రాయడం ఆమె పని.

"సం... తోష్... రావు," అని హాలంతా వినిపించేలా చదివింది. "బట్ట... తల మీద... జుట్టు... మొలి... పించుట."

పేపర్లు చదువుతున్న వాళ్లంతా తలలెత్తి సంతోష్‌రావు టోపీ వైపు చూశారు. ఆయన పుస్తకం అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం లైబ్రేరియన్ విద్యాధర్ ఆమెను పిలిచాడు. "అవ్వా, ఎవలు ఏం చదువుతుండ్రో ఇంకోలకు తెల్వద్దు. తెలిస్తే జనం రారు. ఇంకోపారి గిట్లయితే నిన్ను బీరువాలు తుడుసుడుకు పెడ్త. ఏమనుకోకు."

తుడవడం ఆమెకు నామోషీ కాదు. కానీ తన చేతిరాత నలుగురికి పనికొచ్చింది ఆ కుర్చీలోనే. ఇంటికెళ్లి పెదవులు బిగించి చదివి చూసింది. రెండో మాటకే నోరు తెరుచుకుంది. కొంగు పళ్ల మధ్య పెట్టుకుంది. కొంగులోంచి కూడా చదివింది.

మరునాడు పుక్కిటి నిండా నీళ్లు పట్టి కుర్చీలో కూర్చుంది.

ముందుగా వచ్చింది బ్లెస్సీ, పక్కవీధి రిబ్కమ్మ కోడలు. పుస్తకాన్ని బల్లమీద బోర్లా పెట్టి, అటూ ఇటూ చూసింది. కమలవ్వ దాన్ని తిప్పి ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది. నోరు కదల్లేదు. అయినా పేరు వినిపించింది, తలలోపల, తన గొంతుతోనే! ఆ సంబరానికి నీళ్లు ముక్కులోకి ఎక్కినంత పనైంది.

"ఏమైందవ్వా, పన్ను నొస్తుందా?" అంది బ్లెస్సీ. కమలవ్వ అవుననీ కాదనీ కలిపి తలూపింది.

బ్లెస్సీ వెళ్లిన కాసేపటికి రిబ్కమ్మ దిగింది.

"అక్కా, మా కోడలు గిప్పుడే వచ్చిపోయిందట గద. ఏం పుస్తకం తీస్కపోయింది? ఇంట్ల అడిగితే దాసిపెడుతుంది." అంటూనే రిజిస్టర్ మీద చెయ్యి వేసింది.

కమలవ్వ మోచెయ్యి దానిమీద అడ్డం పెట్టింది. తలూపితే తెమిలే పని కాదిది. నీళ్లు గుటుక్కున మింగింది.

"చెప్ప."

"నేను దాని అత్తను!"

"ఇంట్ల అత్తవు. గీడ గాదు. మొన్న నువ్వేం తీస్కపోయినవో మీ కోడలొచ్చి అడిగితే జెప్పాల్నా మరి?"

రిబ్కమ్మ చెయ్యి టక్కున వెనక్కి వెళ్లింది. "అమ్మో, వద్దక్కా!" అంది. కాస్త ముందుకు వంగి గొంతు తగ్గించింది. "గా మొన్నటి దాని రెండో భాగం వచ్చిందా?"

"ఉన్నది, కూసో."

కమలవ్వ ఆ పుస్తకం తెచ్చి రిజిస్టర్‌లో రాసింది. నోరు ఖాళీగానే ఉంది, కానీ పెదవి కదల్లేదు. రిబ్కమ్మ పుస్తకాన్ని సంచిలో కుక్కుకుని గబగబా మెట్లు దిగింది.

బీరువాల వెనక నిలబడి అంతా విన్న విద్యాధర్ నవ్వుకుంటూ వచ్చాడు. "రేపటి సంది గూడ నువ్వే రాయాలె, అవ్వా. గింతకూ రిబ్కమ్మ ఏం తీస్కపోయింది?"

కమలవ్వ రిజిస్టర్ మూసేసింది. "నీకెందుకు సారూ?"