ఆరని నూనె

డాబా మీది టేకు కుర్చీలు రెండూ ఎండకి ఎండి, వానకి నాని బూడిదరంగుకి తిరిగాయి. పెళ్ళికి ముందు తమ్ముడు అక్క దగ్గరే ఉండేవాడు. అవి అప్పుడు ఇద్దరూ కలిసి కొన్నవి. సాయంత్రాలు అక్కడే కూర్చుని తింటూ ఆఫీసు సంగతులన్నీ తవ్వుకునేవారు. వాడు ఊరి ఆ చివర కాపురం పెట్టాక, ఆమె లోపల మంచం మీదే కూర్చుని ఇంత తినేస్తోంది.

ఆదివారం వస్తానని తమ్ముడు ఫోన్ చేశాడు. ఆమెకు వాడితో పని పడింది. పనిచేసే లైబ్రరీ వాళ్ళు ప్రమోషన్ ఇచ్చి వేరే ఊరు వెళ్ళమన్నారు. ఇష్టం లేకపోతే వద్దనవచ్చు. "ఉండక్కా" అని వాడు ఒక్కమాట అంటే ఉండిపోదామని ముందే అనుకుంది. కానీ అది గుమ్మంలో నిలబడి అడిగే మాట కాదు. ఇద్దరూ కూర్చోవాలి, పాత కబుర్లు దొర్లాలి, ఆ వరసలో అడగాలి.

అందుకే ముందురోజే కుర్చీల పని పట్టింది. సబ్బునీళ్ళతో రుద్ది, ఎండలో ఆరబెట్టి, చెక్క చారల వెంట ఉప్పుకాగితం పట్టింది. బూడిద కింద నుంచి తేనెరంగు బయటపడింది.

నూనె అమ్మిన షాపతను చెప్పనే చెప్పాడు: "పల్చగా రాయండి మేడం. కాసేపాగి, మిగిలింది పొడిగుడ్డతో తుడిచెయ్యండి. చెక్క తాగినంతే తాగుతుంది. బలవంతం చేస్తే మనలాగే కక్కుతుంది."

ఆమె పల్చగానే మొదలుపెట్టింది. తడి మీద ఆ మెరుపు చూశాక తుడవడానికి చెయ్యి రాలేదు. తుడవకపోగా ఇంకో పూత వేసింది. వాడు చూడగానే "కొత్తవి కొన్నావా?" అనాలని.

తమ్ముడు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. "అబ్బో, పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయే!" అంటూ కుర్చీ చేతి మీద అరచెయ్యి వేసి, టక్కున తీసేశాడు. జిగురు వేళ్ళకంటింది.

"ఇందులో కూర్చుంటే నన్ను ఊడబీకడానికి వడ్రంగిని పిలవాలక్కా!"

ఆమె కూడా నవ్వింది. "నా ఖర్మరా. ఈపాటికి ఆరుతాయనుకున్నా. లోపలికి రా, మంచం మీద కూర్చుందాం."

"ఎందుకులే, కూర్చుంటే లేవబుద్ధి కాదు. అవతల నీ మరదలు ఎదురుచూస్తుంటుంది."

పిట్టగోడకు ఆనుకుని, కింద పెట్టిన బండి వంక చూస్తూ టీ నిలబడే తాగాడు.

"ఇంకేంటక్కా?"

"ఏముంది, మామూలే."

"ఒంట్లో బాగుంటోందా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా."

గ్లాసు తనే కడిగి బోర్లించి, మెట్లు దిగాడు. కుర్చీలు ఆరి ఉన్నా వాడు కూర్చునేవాడు కాదేమోనని ఆమెకు అప్పుడు తోచింది. పిట్టగోడ మీంచి వంగింది.

"ఒరేయ్! నన్ను వేరే ఊరికి వేస్తామంటున్నారురా. ప్రమోషన్ మీద. వెళ్ళనా?"

వాడు తలెత్తాడు. ముఖం నిజంగానే వెలిగింది.

"ఇంత మంచి మాట ఇప్పుడా చెప్పడం! అడగాలా అక్కా? వెళ్ళు! సామాను సర్దే రోజు చెప్పు, లారీ నేను మాట్లాడతా."

"సరే" అంది. బండి చప్పుడులో వినపడలేదేమోనని చెయ్యి కూడా ఊపింది.

వాడు మలుపు తిరిగాక టర్పెంటైన్ సీసా, పాత దుప్పటి ముక్క తెచ్చుకుంది. ఈ జిగటతో లారీ ఎక్కిస్తే, చుట్టిన గోనె చెక్కకు అంటుకుపోతుంది. ఒక కుర్చీని పక్కకు వాల్చి, కాళ్ళ దగ్గర్నుంచి తుడవడం మొదలుపెట్టింది.