నాలుగో మెషిను నోరు మూసింది

గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు లాండ్రీలో నాలుగో నంబరు మెషిను చప్పుడు చేయడం మానేసింది.

మానిపించినవాడు బావ. బేరింగు మార్చాడు, నట్లు బిగించాడు, కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టాడు. మెషిను తిరుగుతుంటే పక్కన నిలబడి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "ఇప్పుడు వినండి," అన్నాడు. వినడానికి ఏమీ లేదు.

తమ్ముడు కౌంటరు మీద తల వాల్చేశాడు. "ఏం చేశావు బావా?"

"ఎవరో పెద్దమనిషి నాలుగో నంబరు చూడ్డానికి వస్తున్నాడని నువ్వేగా చెప్పావు. ఆయన ముందు ఇది దడదడలాడితే మన పరువేం కాను?"

"ఆయన వచ్చేదే ఆ దడదడ కోసం."

బావ చేతిలో పానా వైపు చూశాడు, మెషిను వైపు చూశాడు. ఒక పని చేసినందుకు తిట్లు తినడం ఆయనకు కొత్త. ఇంతవరకూ చేయనందుకే తిన్నాడు.

రాబోయే మనిషి ఫ్యూజు. అసలు పేరు వేరే ఉంది. మొదటి కచేరీలో హాలు మొత్తానికీ కరెంటు పోగొట్టినప్పటి నుంచి అభిమానులకు ఆయన ఫ్యూజే. వీణా ముట్టుకోడు, వయొలినూ ముట్టుకోడు. ఎక్కడెక్కడి చప్పుళ్లో రికార్డు చేసుకుపోయి కంప్యూటర్లో కలిపి పాట చేస్తాడు. ఆ పాటకి స్టేడియంలో జనం ఎగురుతారు.

ఆరేళ్ల కిందట, వాన పడుతుండగా, తడిసిన బట్టల మూటతో ఆయన ఈ లాండ్రీకి వచ్చాడు. బట్టలు నాలుగో నంబరులో వేశాడు. సంచిలోంచి మైకు తీసి కుర్చీ మీద పెట్టాడు. పని అయ్యేదాకా కూర్చుని వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది వచ్చిన పాట 'టక్… టక్‌టక్' అంటూ మొదలైంది. ఆ చప్పుడు ఒక లాండ్రీలో దొరికిందని ఆయనే రేడియోలో చెప్పాడు.

తమ్ముడు నాలుగో నంబరు పైన గోడకు ఆ సంగతి రాసిన బోర్డు తగిలించాడు. గురువారం మధ్యాహ్నాలు అభిమానులు అక్కడ చేరడం మొదలుపెట్టారు. ఫ్యూజును కలిసిన కథ ఒక్కొక్కరూ చెప్పాలి. ఎన్నిసార్లు విన్నదైనా మిగతావాళ్లు కొత్తగా విన్నట్టు వినాలి. బస్సు డ్రైవరు కథలో ఫ్యూజు దిగాల్సిన స్టాపు దాటిపోతుంది. ఇంజను చప్పుడు బాగుందని చివరిదాకా కూర్చుంటాడు. నర్సు కథలో ఆమె సూది తీసుకుని ఏ చెయ్యి అని అడుగుతుంది. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటాడు. తమ్ముడు ఆయన సాక్సులు జతకలిపాడు. చెప్పిన ప్రతిసారీ ఒక జత పెరుగుతుంది.

అక్క వంతు రాదు. లాండ్రీ ఆమెదే. ఆ వానరోజు షాపులోనే ఉంది కూడా, తెర వెనక గదిలో ఇస్త్రీ చేస్తూ. ఎవరో వచ్చినట్టు వినబడింది, బయటికి రాలేదు.

"నీకు చెప్పడానికేం లేదుగా అక్కా, టీ పెట్టు," అంటాడు తమ్ముడు ప్రతి గురువారం. అక్క టీ పెడుతుంది. ఆ మాట మాత్రం గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే ఈ రోజు పెట్టె అడుగున దాచిన బట్టలు తీసి కట్టుకుంది. తెర వెనక పంటి డాక్టరు కోట్లు గుట్టగా పడి ఉన్నాయి, ఆరింటికి ఇవ్వాలి. ఉండనీ, అనుకుంది. ఈసారి ఫ్యూజు వచ్చేసరికి తాను తెర ఇవతల ఉంటుంది. ఆయన మొహం చూస్తుంది, ఒక్క మాటైనా మాట్లాడుతుంది.

రాత్రి ఊళ్లో కచేరీ. స్టేజి మీద వాడుకోవడానికి అదే చప్పుడు మళ్లీ రికార్డు చేసుకుంటానని, ఐదింటికి వస్తానని ఫ్యూజు కబురు పంపాడు.

"పోనీ ఆ ఇస్త్రీ పెట్టె పెట్టుకునే స్టాండు చూడనా?" అన్నాడు బావ, చేతులు ఊరుకోక. "ఒక కాలు పొట్టిగా ఉందని మన పెళ్లైన దగ్గర్నుంచీ అంటున్నావుగా."

"మీరు ఈ రోజు ఇంకేదీ బాగుచెయ్యకండి," అంది అక్క.

డ్రైవరూ నర్సూ వచ్చేసరికి మెషినును మళ్లీ పాడుచేసే పని మొదలైంది. రబ్బరు ముక్కలు పీకేశారు, నట్లు వదులు చేశారు. నర్సు స్టెతస్కోపు ఆనించి, "కొట్టుకుంటోంది గానీ లయ లేదు," అంది. డ్రైవరు వెనక కాలి కింద ఇటుక తోశాడు. తమ్ముడు తన బెల్టు తీసి డ్రమ్ములో వేశాడు. ఫోనులో పాట పెట్టి సరిచూశారు.

"టక్, ఆగాలి, తర్వాత టక్‌టక్," అన్నాడు డ్రైవరు.

"ఆగడం కాదు, అక్కడ ఊపిరి తీసుకున్నట్టుంటుంది," అంది నర్సు.

"ఆ ఊపిరి మీదేనేమో."

"నేను పనిచేసేది ఆసుపత్రిలో. ఎవరి ఊపిరో నాకు తెలుసు."

ఐదేళ్లుగా ఆ పాటంటే చెవులు కోసుకున్నవాళ్లకు ఒక్కొక్కరికీ ఒక్కోలా గుర్తుంది. ఈలోగా మెషిను నడక మొదలుపెట్టింది. ఇటుక దిగి, బోర్డు దాటి, తలుపు వైపు బయల్దేరింది. తమ్ముడు జారుతున్న ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని దాని మీదికెక్కి కూర్చున్నాడు. అప్పుడే తలుపు తెరుచుకుంది.

పొట్టి మనిషి, భుజాన సంచి. ఊగుతున్న తమ్ముడి వైపు కాసేపు చూశాడు.

"పనిలో ఉన్నారా?" అన్నాడు.

"రండి-ండి-ండి," అన్నాడు తమ్ముడు, మెషిను ఊపులో.

ఫ్యూజు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు చాచాడు. విన్నాడు. మెషిను చుట్టూ తిరిగి ఇంకోసారి విన్నాడు. "ఇది కాదండీ."

"దానికి పొద్దుటి నుంచీ ఒంట్లో బాగోలేదు," అన్నాడు డ్రైవరు.

"నేనే బాగుచేశానండి," అన్నాడు బావ, చేతులు కట్టుకుని.

"మీ తప్పేం లేదు. ఆ రోజు దడదడ ఉంది, దాని మీద ఇంకోటి ఉంది. రెండూ మెషినువే అనుకున్నాను." హెడ్‌ఫోన్లు మెడలోకి దించాడు. "పోనీలెండి."

సంచి జిప్పు లాగుతున్నాడు. తమ్ముడు మెషిను మీద నుంచి దూకి, "మా అక్కండీ, ఈ షాపు…" అన్నాడు. అక్క ముందుకు వచ్చింది. నోరు తెరిచింది. కౌంటరు మీద ఫోను మోగింది.

పంటి డాక్టరు. "కోట్లు అయ్యాయా అమ్మా? కాంపౌండరు బయల్దేరాడు."

"అయిపోతున్నాయండి," అంది అక్క. ఫోను పెట్టి, ఎవరి వైపూ చూడకుండా తెర వెనక్కి వెళ్లింది. పైనున్న కోటు లాగి బల్ల మీద పరిచింది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే కాలరు మీద ఒక లాగు లాగి, ఇస్త్రీ పెట్టెను స్టాండు మీద పడేసింది.

టక్. పొట్టి కాలు మీద స్టాండు అటూ ఇటూ ఊగింది. టక్‌టక్.

బయట మాటలు ఆగిపోయాయి. మెషినును కూడా ఎవరో ఆపేశారు.

తెర జరిగింది. ఫ్యూజు ఒక చేత్తో మైకు పట్టుకుని, ఇంకో చేత్తో హెడ్‌ఫోన్లు చెవులకు ఎక్కించుకుంటున్నాడు.

"అమ్మా, ఆపకండి," అన్నాడు.

అక్క ఆపేసింది.

"ఆ స్టాండు కూడా చేసేసేవాణ్ణేనండి," అన్నాడు బావ ఆయన భుజం మీదుగా. "మా ఆవిడే వద్దంది."

"ఇంకెప్పుడూ చెయ్యకండి," అన్నాడు ఫ్యూజు.

అందరూ గుమ్మంలో ఇరుక్కుని నిలబడ్డారు. నర్సు డ్రైవరు ముక్కు పట్టుకుంది. ఆయనకు తుమ్ము వచ్చేలా ఉంది. అక్క పెట్టె దించింది. టక్ ఒక్కటే వచ్చింది. రెండోసారి స్టాండు తిరగబడింది.

"చూస్తుంటే రాదు," అంది అక్క.

"నాకూ అంతే," అన్నాడు ఫ్యూజు. "అందుకే కచేరీల్లో కళ్లు మూసుకుంటాను. మీరు నాతో మాట్లాడుతూ చెయ్యండి."

ఇన్నేళ్లుగా అడగాలనుకున్నవన్నీ ఆ క్షణంలో ఆవిరైపోయాయి. "ఆ రోజు టీ అయినా ఇవ్వలేదు మీకు," అంది.

"అడిగాను. తెర వెనక నుంచి ఎవరో 'కూర్చోండి' అన్నారు. కూర్చున్నాను."

అక్క నవ్వింది. పెట్టె లేచింది, దిగింది. టక్… టక్‌టక్. లాగింది, దించింది. మధ్యలో టీ గురించి, వాన గురించి మాట్లాడుకున్నారు. సాక్సులు ఎన్ని జతలో కూడా అక్క అడిగింది. ఒక్కటే, అన్నాడాయన. గుమ్మంలో తమ్ముడు దగ్గాడు. అక్క తలెత్తి మొదటిసారి ఫ్యూజు మొహం వైపు నిదానంగా చూసింది. పెట్టె కోటు మీదే ఉంది.

పొగను మొదట చూసింది నర్సు.

కాంపౌండరు మిగతా కోట్లు తీసుకుని వెళ్లాడు. కాలిన కోటును ఫ్యూజు అడిగి తీసుకున్నాడు; డాక్టరుకు కొత్తది పంపాడు.

రాత్రి కచేరీలో ఆయన తెల్లకోటు వేసుకున్నాడు. వీపు మీద ఇస్త్రీ పెట్టె ముద్ర, జేబు మీద పంటి డాక్టరు పేరు ఉన్నాయి. లాండ్రీవాళ్లంతా చూశారు.

తర్వాతి గురువారం మొదటి వంతు అక్కది. టీ బావ పెట్టాడు. పంచదార ఎక్కువైంది.