వేపాకు చేదుగానే ఉంది

"కూసున్నదానివే గదా" అంటుంది మా అత్త భీమమ్మ. ఈ మూడు నెలల్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. కూర్చున్నదానివే కదా, విత్తనానికి పల్లికాయలు ఒలువు. కూర్చున్నదానివే కదా, బియ్యంలో రాళ్లు ఏరు. మా చింతపండు గింజలు తీయడం అయిపోతే పక్కింటివాళ్లది కూడా గంపెడు తెచ్చి నా ముందు కుమ్మరించింది. వాళ్లకు మాట ఇచ్చిందట. కుడికాలు చాపుకుని మంచం మీద కూర్చోవడం సుఖమనుకునేవాళ్లు ఒక్కరోజు మా ఇంటికి వచ్చి చూడాలి. వేళ్లు పగిలి, నడుము పట్టేసి, పొద్దుగూకేసరికి "ఈ రోజు నువ్వేం జేసినవ్" అని కూడా అనిపించుకోవాలి.

పాము కరిచిన రోజు నేను నిలబడి పనిచేసే మనిషినే. గోపాల్‌పేట దగ్గర మాకున్న రెండెకరాల్లో పల్లిచేను పీకుతున్నాం. సాయంత్రానికి కాయలు రాల్చే మిషన్ వస్తుంది. ఆ రోజు తప్పితే మళ్లీ పది రోజుల దాకా దొరకదు. పీకిన చెట్ల కుప్ప ఎత్తబోయాను, పిక్కలో సూదులు దిగినట్టయింది. నా భర్త కృష్ణయ్య పరుగున వచ్చాడు గానీ తోక మాత్రమే చూశాడు. "జెర్రిపోతే. ఏం కాదు" అన్నాడు. మా అత్త తన చీర చెంగు చింపి మోకాలి కింద బిగించి కట్టింది, గట్టు మీది వేపచెట్టు నుంచి గుప్పెడు ఆకు దూసుకొచ్చి నా నోట్లో పెట్టింది.

మా దగ్గర ఇది తాతల నాటి పరీక్ష. వేపాకు తియ్యగా తోస్తే విషం ఎక్కినట్టు, చేదుగా ఉంటే ఏమీ లేనట్టు. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. నమిలాను. "చేదుగనే ఉంది అత్తమ్మా" అన్నాను. అందరి ముఖాలూ తేటపడ్డాయి. నేనూ నవ్వాను.

"ఇగ ఆరు సాళ్లే ఉన్నయి. జర కానియ్యి" అన్నాడు కృష్ణయ్య.

కానిచ్చాను. నన్నెవరూ కొట్టి చేయించలేదు. కాలు భగభగ మండుతుంటే, పిక్క ఉబ్బి కట్టు కోసుకుపోతుంటే, చేదుగానే ఉంది కదా, ఏం కాదు అని నాకు నేనే చెప్పుకుంటూ ఆరు సాళ్లూ పీకాను. పదహారేళ్ల కాపురంలో బాగా నేర్చుకున్న విద్య అదొక్కటే. నొప్పి ఉందో లేదో కూడా వేరేవాళ్లు చెబితే ఒప్పుకోవడం. వాళ్ల మీద ఉన్న కోపం కంటే నా మీద నాకున్న కోపమే ఎక్కువ.

మధ్యాహ్నం మూడు గంటలకు చిగుళ్ల నుంచి రక్తం కారింది. ఆటోలో గోపాల్‌పేట, అక్కడి నుంచి 108లో నాగర్‌కర్నూల్ దవాఖాన. చిన్న వయసు డాక్టరమ్మ నా రక్తం తీసి గాజు గొట్టంలో పోసి పక్కన పెట్టింది. ఇరవై నిమిషాల తర్వాత వంచి చూస్తే గడ్డకట్టలేదు, నీళ్లలా జారింది. రక్తపింజర అని చెప్పింది.

"పొద్దున కరిస్తే ఇప్పటిదాక ఏం జేసిండ్రు?"

"వేపాకు తినిపిచ్చినం మేడం. చేదుగనే ఉండె" అన్నాడు కృష్ణయ్య.

"వేపాకు చేదుగ కాక ఎట్లుంటది? కోబ్రా కరిచినోళ్లకు గూడ చేదుగనే ఉంటది."

ఆయన తల వంచుకుని చెప్పుల వంక చూశాడు. డాక్టరమ్మ అటు తిరగ్గానే నా మీదికి వంగి, "గింత నొప్పి ఉన్నదాయె, నువ్వన్న చెప్పొద్దా?" అన్నాడు. తప్పు ఒక్క నిమిషం కూడా ఆయన దగ్గర ఉండలేదు.

మర్నాడు పాన్‌గల్ హాస్టల్ నుంచి నా బిడ్డ నవ్య వచ్చింది. ఎనిమిదో తరగతి. దవాఖానలో ఉన్న పంతొమ్మిది రోజులూ నా పక్కనే స్టీలు స్టూలు మీద కూర్చుంది. డాక్టరమ్మను అడిగి అడిగి అన్నీ తెలుసుకుని నాకు చెప్పేది.

"కండల సన్నసన్న పోగులుంటయమ్మా. ఒక్కో పోగు మీద పల్చటి పొర ఉంటది. విషం ఆ పొరను కరగదీస్తది. లోపలున్నదంత బయటికి కారి రక్తంల కలుస్తది. గది పోయి కిడ్నీలను కరాబు చేస్తది. నీ మూత్రం డికాషన్ లెక్క వస్తుంది గదా, గది నీ కండనే."

మంచానికి వేలాడే మూత్రం సంచి వంక చూశాను. పదహారేళ్లు బిందెలు మోసిన కండ, నాట్లేసిన కండ, అందరూ తిన్నాక కూడా పొయ్యి దగ్గర నిలబడిన కండ. ఎవరికీ కనబడకుండా పనిచేసి, కరిగిపోయాక ఇలా కనబడింది. ఏడుపొచ్చింది.

"మందు ఎక్కిస్తుండ్రు గదా, మల్ల వస్తదా?"

"ఒంట్ల తిరిగే విషాన్ని ఆపుతదంట. సచ్చిన కండ మాత్రం మల్ల రాదు. తొందరగ వస్తే శాన మిగులుతుండె అన్నది మేడం."

ఆ మాటలు చెబుతున్నప్పుడు దాని కళ్లు మెరుస్తున్నాయి. తల్లి కాలు కుళ్లిపోతున్నా కొత్త సంగతి తెలిసిన సంతోషం ముఖంలో దాగలేదు. అంతలోనే సిగ్గుపడి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ సంతోషం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ పిల్ల చదువుకోవాలి అనుకున్నాను. అప్పటిదాకా అది నాకు అంత గట్టిగా తోచలేదు.

చచ్చిన కండ రెండుసార్లు కోసి తీశారు. తొడ మీది చర్మం తెచ్చి పిక్క మీద అతికారు. ఆరు నెలలు బరువు పెట్టొద్దని, పుండు మళ్లీ పగిలితే కాలు దక్కకపోవచ్చని డాక్టరమ్మ కృష్ణయ్యకు రెండుసార్లు చెప్పింది. ఆయన రెండుసార్లూ తలూపాడు.

ఇంటికొచ్చాక నేను నిలబడి చేసిన పనంతా నవ్య మీద పడింది. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. నాలుగు రోజులు పోయి పరీక్షలు రాసి వచ్చి మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. పేడ ఎత్తడం, నీళ్లు, వంట, బర్రె, నా కట్టు మార్చడం. మే నెలలో ఒకరోజు మా అత్త దానితో, "మంచిగ అలవాటైనవే" అంది మురిపెంగా.

జూన్‌లో బడులు తెరుస్తారనగా కృష్ణయ్య అన్నం తింటూ అన్నాడు. "టీసీ తీసుకొస్త. ఇంట్ల నిలబడి చేసేటోళ్లు లేరాయె. వచ్చే ఏడు చూద్దం."

"ఆడివిల్ల ఇల్లు జూసుకుంటె తప్పేంది?" అంది అత్త.

వచ్చే ఏడు అంటే ఏమిటో నాకు తెలుసు. నన్నూ మా నాయిన తొమ్మిదో తరగతిలో "వచ్చే ఏడు" అనే బడి మాన్పించాడు. బతిమాలాను, అరిచాను, రెండు పూటలు అన్నం మానేశాను. "మల్ల పని ఎవరు జేస్తరు, నువ్వు జేస్తవా?" అన్నాడు కృష్ణయ్య. వెటకారంగా కాదు, మామూలుగానే అడిగాడు. నవ్య ఏడవలేదు. పుస్తకాల సంచి తీసి అటక మీద పెట్టేసింది. అది ఏడ్చినా నేను తట్టుకునేదాన్ని.

మర్నాడు తెల్లారేసరికి లేచి, కర్ర లేకుండా వాకిలి ఊడ్చాను. బర్రె పాలు పిండాను. తర్వాత చేనుకు పోయి పత్తిగింజల సంచి నడుముకు కట్టుకుని వంగి సాలు వెంట గింజలు పెట్టాను. ఒక సాలు, రెండు, ఐదు. కుంటకుండా నడవడానికి పళ్లు బిగించి పెట్టాను. గట్టు మీద కృష్ణయ్య నిలబడి చూస్తున్నాడు.

"కాలు మంచిగయింది. పొల్లను తోలియ్యి" అన్నాను.

ఆయన సరే అన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్నాడు. ఆయనకు చదువు మీద పగేమీ లేదు, పని ఆగకపోతే చాలు.

ఆ సాయంత్రం నవ్య నా దగ్గరికొచ్చి, "కట్టు విప్పమ్మా, చూస్త" అంది.

"ఇప్పుడే మార్చుకున్న. నీ సంచి సదురుకో పో."

"అమ్మా, మేడం ఏం చెప్పిందో యాదికుందా?"

"నువ్వు డాక్టర్ అయినంక చూద్దువు, పో."

తెల్లారి బస్సు ఎక్కేటప్పుడు అది నా ముఖం చూడలేదు, కాలునే చూసింది. దానికంతా తెలుసు. అయినా ఎక్కింది. ఎక్కినందుకు నాకు సంతోషమైంది, బస్సు కనుమరుగయ్యాక భయమైంది. కట్టు అప్పటికే తడిసి పాదం మీదికి వెచ్చగా కారుతోంది. చీర కుచ్చిళ్లు కిందికి జార్చుకున్నాను.

ఇంటికి తిరిగి నడుస్తుంటే కృష్ణయ్య నా నడక చూసి నవ్వాడు. "గింత మంచిగున్నదానివి మూన్నెల్లు మంచంల ఎందుకు పన్నవే?"

"బద్ధకమయ్యా" అన్నాను.